పట్టు చుట్టిన వైరు

ఆమోసు వైరు చుట్టను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కొసను రెండు వేళ్ళ మధ్య నలిపాడు. పంటి కింద పెట్టి కాస్త నొక్కి, వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. లోపల రాగే. ఎప్పుడూ చూసే ఎర్రటి రాగి. పైన మాత్రం గోధుమరంగు తొడుగు, పాము ఒంటిమీద పొలుసుల్లాగా అల్లిక. మామూలు వైరు పక్కన పెడితే తాడంత లావు.

"వాసనకేం తెలుస్తుందయ్యా? అదేమన్నా ఇంగువా?" అన్నాడు దుర్గాశంకర్ కౌంటరు మీదికి వంగి.

వన్ టౌన్‌లో, బట్టల గోడౌన్ల సందులో, అతనిది సౌండు సామాను కొట్టు. తండ్రి కాలంలో మైకుసెట్లు అద్దెకిచ్చేవాళ్ళు. ఇప్పుడు ఇళ్ళల్లో పాటలు వినే బాక్సులు, వాటి వైర్లు అమ్ముతున్నారు.

"ఇందులో ఏముంది బాబూ అంత?"

"సౌండు శుభ్రంగా వస్తుందంట. కంపెనీవాళ్ళు చెప్పారు."

"వాళ్ళు చెప్తార్లెండి."

"నీకెందుకా గొడవ? పామర్రులో వెంకటప్పయ్యగారింట్లో బిగించి, విని, బాగుందని ఒక్క మాట చెప్పు. ఆయన అనుమానప్పక్షి. నా మాట నమ్మడు, నీ చెవిని నమ్ముతాడు. ఆయన కొన్నాడంటే అక్కడి బట్టల కొట్లవాళ్ళంతా కొంటారు. లేదంటే ఈ సరుకంతా నా నెత్తినే."

ఆమోసు తలూపి వైరును సంచిలో కుక్కాడు. దుర్గాశంకర్ ఎదురుగా నిలబడి మాట్లాడితే ఆమోసుకు అన్నీ అందుతాయి. పెదాలు కనబడాలి, అంతే. వెనకనుంచి పిలిస్తే మాత్రం పలకడు. పెద్దతనం, కొంచెం పొగరు అనుకుంటారు కొట్లో. అలా అనుకోవడమే మేలని ఆమోసు కూడా మాటలు తగ్గించేశాడు. అతని చెవులు పోతున్నాయన్న సంగతి గుణదలలో ఇంట్లో ఉన్న భార్య మార్తకు తప్ప ఎవరికీ తెలియదు.

బస్సు కంకిపాడు దాటింది. ఆమోసు కిటికీ పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. పొడుగు మనిషి, వంగిపోయాడు. కుడి భుజం మీద చర్మం కాయకాచి నల్లగా ఉంటుంది, మైకు హారన్లు మోసిన భుజం. గుణదల మేరీమాత తిరునాళ్ళకు కొండ పొడుగునా హారన్లు కట్టింది అతనే. పెళ్ళిళ్ళు, ఎన్నికల మీటింగులు, నాటకాలు. కట్టడమే కాదు, ఎవరూ విప్పుకుపోకుండా రాత్రిళ్ళు మోగుతున్న ఆ హారన్ల కిందే గోనెపట్టా పరుచుకుని పడుకునేవాడు. జనమంతా దూరం జరిగే చోట అతను నిద్రపోయేవాడు. ఆ రోజుల్లో ఎక్కడ ఏ వైరు వదులైనా గరగర చప్పుడు విని చెప్పేసేవాడు. ఆ పేరే ఇంకా నిలిచి ఉంది. నిచ్చెన ఎక్కలేని మనిషిని దుర్గాశంకర్ ఉంచుకున్నది ఆ పేరు కోసమే. చెవి లేదని తెలిస్తే ఇక కొట్లో అతనికి పనేముంది?

ఇప్పుడు అతను అరచేత్తో వింటున్నాడు. బాక్సు మీద చెయ్యి వేస్తే అదురు తెలుస్తుంది. మిగతాది ఇంటివాళ్ళ మొహాల్లో చూసుకుంటాడు. ఈ లావు వైరును ఊళ్ళో కొన్ని ఇళ్ళల్లో బిగించాడు. ఇంటివాళ్ళు ఆహా అన్నారు, అతనూ తలూపాడు. వాళ్ళకు నిజంగా తేడా వినబడిందా? లేక తను తలూపాడని వాళ్ళు ఆహా అన్నారా? వాళ్ళను చూసి తను, తనను చూసి వాళ్ళు. వైరులో ఏమీ లేదని అతని గట్టి అనుమానం. కానీ లేనిది వైరులోనో, తన చెవిలోనో, అదే తేలటం లేదు.

వెంకటప్పయ్య ఇంటి ముందు భాగమంతా చేనేత బట్టల కొట్టు, వెనక హాలు. ఆయన చుట్టను చేతిలోకి తీసుకుని, చీర అంచు చూసినట్టు బొటనవేలితో తొడుగును రాసి చూశాడు. గోటితో ఒక పోగు లాగాడు.

"సుబ్బరత్నం, అగ్గిపెట్టె పట్రా!"

భార్య లోపలినుంచి వచ్చింది. "వైరు తగలబెడతారా ఏంటి? మతిపోయిందా?"

"వైరు కాదే, పోగు. వీళ్ళు పట్టని చెప్పి నైలాను చుట్టారేమో!"

పోగు అంటుకుంది. వెంకటప్పయ్య కళ్ళు మూసుకుని వాసన పీల్చాడు. బూడిదను వేళ్ళతో నలిపితే పొడిపొడి అయింది. ముద్ద కట్టలేదు.

"పట్టే! వెంట్రుక కాలిన వాసన. పైన అసలు పట్టు వేసినవాడు లోపల మోసం చేస్తాడా?"

"చీర మీద లేబుల్ మార్చే మీరే చెప్పాలి ఆ మాట," అంది సుబ్బరత్నం.

"నోరు ముయ్యి. మనిషున్నాడు."

"ఉండనియ్యండి. వైరేమన్నా కట్టుకుంటామా? వినాలిగానీ. పాతదీ కొత్తదీ మార్చి మార్చి నేను పెడతాను. ఏది ఏదో ఈయన చూడకుండా చెప్పాలి. అప్పుడు కొందాం."

ఆమోసు వైరు చుట్టకోసం చెయ్యి చాచాడు. "ఎందుకండీ అంత శ్రమ..."

"శ్రమేముంది, ఎట్లా తగిలించాలో చూపించు."

చూపించాడు. మీట నొక్కి, కొస దూర్చి, వదలటమే. ఆమె కొట్లోంచి పెడన చీర ఒకటి తెచ్చి, బాక్సులకూ యాంప్లిఫయరుకూ అడ్డంగా తాడు మీద వేసింది. హాలు మధ్యలో కుర్చీ వేసి ఆమోసును కూర్చోబెట్టింది. వెంకటప్పయ్య అతని వెనక ఉయ్యాలబల్ల మీద చేరాడు. చెయ్యి వెయ్యటానికి బాక్సు లేదు, చూడటానికి మొహం లేదు. ఎదురుగా చీర మీద అద్దకపు పువ్వులు.

నాదస్వరం పెట్టారు. సన్నాయి గొంతు ఆమోసుకు బొత్తిగా అందదు. డోలు మాత్రం, ఎక్కడో తలగడ కింద కొట్టినట్టు, లీలగా తగిలింది. కొంతసేపటికి ఆగింది. మళ్ళీ మొదలైంది. అదే డోలు, అదే తలగడ.

"ఇంకోసారి!" అంటూ సుబ్బరత్నం చీర పక్కనుంచి తల బయటపెట్టి, మళ్ళీ లోపలికి తీసుకుంది.

ఈసారి డోలు రాలేదు. ఆలాపన నడుస్తోంది కాబోలు, డోలు తర్వాత వస్తుంది అనుకున్నాడు. కళ్ళు అరమూసి, రాగం బాగున్నట్టు మెల్లగా తల ఆడించాడు. వేళ్ళతో మోకాలి మీద తాళం వేశాడు. ఇక చాలనిపించాక అన్నాడు:

"ఇదండీ కొత్తది. చాలా శుభ్రంగా ఉంది."

చీర పక్కకు జరిగింది. సుబ్బరత్నం రెండు చేతుల్లో రెండు వైర్లు. రెండింటి కొసలూ వేలాడుతున్నాయి.

"ఈసారి నేను ఏ వైరూ తగిలించలేదయ్యా," అంది. "కొట్టు మనిషివి కదా, ఊరికే బాగుందంటావేమోనని చూశాను. అన్నావు."

ఆమోసు ఆమె పెదాలవైపే చూస్తున్నాడు.

వెనక వెంకటప్పయ్య ఉయ్యాలబల్ల దిగి అరవటం మొదలుపెట్టాడు. "దొంగ పీనుగా! నీ చెవిని చూసి నమ్మాను! ఆ దుర్గాశంకరూ దొంగే, మీ కొట్టంతా దొంగలే! బజార్లో నిలబెడతాను ఒక్కొక్కణ్ణీ!"

ఆమోసు వెనక్కి తిరగలేదు. భుజం కూడా కదలలేదు. ఆమె ఇంకా ఏమంటుందోనని చూస్తూ కూర్చున్నాడు.

సుబ్బరత్నం మొగుడివైపు చూసింది, ఆమోసువైపు చూసింది. చేతిలో వైర్లు మెల్లగా కింద పెట్టింది. అరిచేది ఆపమని మొగుడికి చెయ్యి ఊపింది. అప్పుడుగానీ ఆమోసు తల తిప్పలేదు. ఎర్రబడిన వెంకటప్పయ్య మొహం చూసి, ఏం జరిగిందో గ్రహించాడు.

దొంగనని ఒప్పుకుంటే కొట్టుకు మచ్చ. చెవుడని చెప్తే తన పని పోతుంది. కుర్చీలోంచి లేచాడు.

"మోసం కాదండీ. నాకు వినబడదు. బాబుకు తెలియదు, ఆయన్నేమీ అనకండి. నేనే దాచాను."

వెంకటప్పయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది సుబ్బరత్నం, పెదాలు బాగా కదిలిస్తూ.

"తెలీదండీ. తెల్లారేసరికి పోయింది కాదు గదా."

చీర మడిచి ఆమెకు ఇచ్చాడు. వెళ్ళి బాక్సుల వెనక కూర్చుని, పట్టువైరే బిగించాడు. కొసలు మెలిపెట్టి, మీటలు రెండుసార్లు లాగి చూశాడు.

"అయ్యా, కొంటారో కొనరో మీ ఇష్టం. బిగింపులో లోపం లేదు. బాబుకు మీరే ఫోను చేసి చెప్పండి. నాకు ఫోన్లో మాట అందదు. రేపట్నించి ఆమోసు రాడని చెప్పండి."

"మానెయ్యమని నేనన్లేదయ్యా," అన్నాడు వెంకటప్పయ్య నసుగుతూ.

"మీరన్లేదండి."

సుబ్బరత్నం మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. సగం తాగి, గ్లాసు పక్కనే ఉన్న బాక్సు మీద పెట్టాడు. సంచి భుజానికి తగిలించుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వీధిలోకి దిగాడు. భోజనం చేసి వెళ్ళమని ఆమె వెనకనుంచి పిలిచింది. మళ్ళీ పిలిచింది. అతను పామర్రు సెంటరు వైపు, బస్సులు ఆగే చోటికి, అదే నడకతో వెళ్ళిపోయాడు.

వెంకటప్పయ్య ఫోను తీశాడు. ఏం చెప్పాలో తోచక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి లేచి నాదస్వరం పెట్టాడు. ఇద్దరూ విన్నారు.

"ఏమే, తేడా ఉందంటావా?"

"మీకేమనిపిస్తుంది?"

"ఉన్నట్టే ఉంది."

"ఉన్నట్టే అంటే?"

ఆయన బాక్సువైపు చెవి ఒగ్గాడు. డోలు అందుకుంది. బాక్సు మీద గ్లాసులో మిగిలిన నీళ్ళు, దెబ్బదెబ్బకూ సన్నగా వలయాలు తిరుగుతున్నాయి.