పళ్ల మధ్య దారం

జయరామప్ప బొరుగుల మూటకు బాణం వేసిన సంగతి బేరిగై చుట్టుపక్కల పల్లెల్లో ఏడాది పొడుగునా చెప్పుకొని నవ్వారు. పాపం, ఆయన గురిపెట్టింది అరటిబోదెకే. విజయదశమి సాయంత్రం స్వామి గుర్రమెక్కి పొలిమేరకు వచ్చి నిలబడితే, స్వామి తరఫున మూడు బాణాలు వేసే మర్యాద తాతల నాటి నుంచి ఆ ఇంటిది. రెండువేల సంవత్సరం దసరాకు మాత్రం, బాణం వింటిని వదిలిందో లేదో, ఈకలు ఊడి గాల్లో తేలిపోయాయి. ఉత్త కట్టె, డప్పు కొట్టే ముత్తప్ప చెవి పక్కగా పోయి, బొరుగులమ్మే అంగాళమ్మ మూటలో దిగబడింది. మిగతా రెండూ ఎటు పోయాయో ఆ స్వామికే తెలియాలి.

బాణాలకు ఈకలు కట్టే పని ఆ ఇంట్లో పుట్టిన ఆడబిడ్డది, అంటే జయరామప్ప అక్క తిమ్మక్కది. ఆమె నాలుగేళ్లుగా పుట్టింటి గడప తొక్కలేదు. తొంభై ఏడులో కూతురు అంబిక పెళ్లికి అక్కను పిలవడానికి జయరామప్ప తాను పోకుండా, పెళ్లిపత్రికను పాల వ్యాను డ్రైవరు చేతికిచ్చి పంపించాడు. సొంత అక్కకు కుంకుమిచ్చి పిలిచే తీరిక లేనివాడి ఇంటి పెళ్లికి ఆమె ఎందుకు వస్తుంది? రాలేదు. అంతకుముందు ఆమె కట్టిపెట్టిన బాణాలతో మూడు దసరాలు నెట్టుకొచ్చాడు. అవి అయిపోయాక తానే కట్టాడు. ఫలితం అంగాళమ్మ మూటలో తేలింది.

ఈసారి కూడా ఊడితే ఆ మర్యాద వెంకటరమణప్ప ఇంటికి పోతుందని ఊరి పెద్దలు చెప్పేశారు. జయరామప్ప భార్య మంజులమ్మ వైపు చూశాడు.

"నన్ను చూడద్దు. నేను ఈ ఇంటికి వచ్చినదాన్ని, పుట్టినదాన్ని కాదు. మీ అక్క ఉండే జూజువాడికి బస్సు పోతాంది కదా, ఎక్కు" అందామె.

మూడు బాణపు కట్టెలు తువాలులో చుట్టుకొని, రాగి చేలో రాలిన నెమలి రెక్కల ఈకలు సంచిలో వేసుకొని బస్సెక్కాడు. చెక్‌పోస్టు దగ్గర వరుసగా ఆగిన లారీల వెనక తిమ్మక్క అంగడి. లోపల బావ గురక వినబడుతోంది. తిమ్మక్క తమ్ముణ్ణి చూసింది, చూడనట్టే బీడీకట్టలు సర్దుకుంటూ లారీ డ్రైవర్లను అడిగినట్టే అడిగింది.

"ఏం కావాలప్పా?"

"ఈకలు కట్టాలక్కా."

ఆమె సంచి బల్ల మీద గుమ్మరించి, ఈకలను రెండు కుప్పలుగా వేరు చేసింది.

"కుడి రెక్కవి, ఎడమ రెక్కవి కలిపేసినావు. ఇవి చెరోపక్కకు వంగుంటాయి. ఒక అంబుకు మూడూ ఒక రెక్కవే ఉండాల. పోయినేడు దారం కూడా చుట్టలేదంట?"

"బంకతో అంటిస్తి. గట్టిగానే ఉండె."

"సాయంత్రం మంచు తగిల్తే బంక యాడ ఉంటుంది? పట్టుకునేది దారమే. అంగాళమ్మ మూట సంగతి ఈడ దాకా వచ్చిందిలే. కూర్చో."

అది ఇద్దరు చేయాల్సిన పని. ఈక నడుమనుండే ఈనెను మధ్యకు చీల్చి, అడుగు పలచగా గీకి, బంక రాసి మూడు ఈకలనూ కట్టెకు అంటిస్తారు. అవి కదలకుండా తిమ్మక్క రెండు చేతులతో పట్టుకుంటుంది. పట్టుదారం ఒక కొస కట్టెకు కడతారు. రెండోది ఆమె పళ్ల మధ్య బిగువుగా ఉంటుంది. తమ్ముడు కట్టెను మెల్లగా తిప్పుతుంటే దారం ఈక పోగుల సందుల్లోంచి చుట్టుకుంటూ పోతుంది. బిగువు ఒక్కసారి సడలినా ఈక ఊడినట్టే. అందుకని ఆ కాసేపు తిమ్మక్క నోరు తెరవడానికి లేదు. చిన్నప్పుడు జయరామప్ప తన తప్పులన్నీ ఏరికోరి అప్పుడే చెప్పుకునేవాడు. పలక పగిలిందీ, మేకపిల్ల తప్పిపోయిందీ అప్పుడే బయటికొచ్చేవి. ముడి పడేలోపల ఆమె కోపం సగం చల్లారేది.

మొదటి బాణం మాటల్లేకుండానే అయిపోయింది. రెండోదానికి దారం పళ్ల మధ్యకు పోగానే జయరామప్ప తల వంచుకొని తిప్పుతూ మొదలుపెట్టాడు.

"అక్కా, పనుల్లో తీరిక లేక నిన్ను పిలిచేకి రాలేదని అందరికీ చెప్తిని. అది అబద్దం. నిన్ను అడక్కుండా సంబంధం ఒప్పుకొంటి. నువ్వు తిడతావని భయపడి పత్రిక వ్యానులో పంపిస్తి. తాళి కట్టేటప్పుడు అంబిక వెనక నువ్వు నిలబడాల్సిన తావు ఖాళీగా ఉండె. నేను ఆపక్క చూడలేకపోయినా."

తిమ్మక్క కళ్లు నిండాయి. చేతుల్లో ఈకలు, పళ్లలో దారం. తుడుచుకునే దారి లేదు. అతని చేయి ఆగబోతే, ఆపొద్దని కళ్లతోనే గద్దించింది. చుట్లన్నీ పూర్తయ్యాక ముడివేసి, దారం కొరికి, అప్పుడు కొంగుతో మొహం తుడుచుకుంది.

"భయపడినావా? మేలు. వచ్చింటే తిట్టేదాన్నే. తిట్టి, పెండ్లికి ముందే వచ్చి కూర్చునేదాన్ని."

మూడో కట్టెను తీసి పక్కన పెట్టింది.

"అది కట్టవా అక్కా?"

"అంగడిలో రెండే. మూడోది మా నాయన ఇంట్లో కట్టేది."

"అయితే రా."

"ఎవరు పిలిచినారు? నువ్వు అంబులకు వచ్చినావు, నాకోసం రాలేదు."

నిజమే. చేతిలో కుంకుమ పొట్లం కూడా లేదు. జయరామప్పకు సిగ్గు వేసింది. తల ఎత్తితే అక్క అంగడిలోనే, షాంపూ ప్యాకెట్ల పక్కన కుంకుమ పొట్లాలు వేలాడుతున్నాయి. చేయి చాచాడు. తిమ్మక్క ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"దుడ్డు పెట్టి తీసుకో. నా కుంకుమతో నన్నే పిలుస్తావా?"

దుడ్డు ఇచ్చాడు. పొట్లం విప్పి, అరచేతిలో పోసి, అక్క ముందు చాచాడు.

"పండక్కి రా అక్కా. నీకోసమే వచ్చినా."

బంక ఆరని వేలితో అద్దుకున్నందుకు ఆమె నుదుటి మీద బొట్టు రూపాయి బిళ్లంత అయింది. ఆమె బల్ల కిందికి వంగి గుడ్డసంచి ఒకటి బయటికి లాగి, మూడో కట్టెను అందులో దూర్చింది. సంచిలో అప్పటికే రెండు చీరలు మడిచి ఉన్నాయి.

"యాడికి పోతావున్నావక్కా?" అన్నాడు జయరామప్ప.

"యాడికీ లేదు. అంగాళమ్మ మూట సంగతి విన్న పొద్దే సర్దినా. ఇంక నువ్వు రాక ఎట్లుంటావని."

జయరామప్ప పళ్ల మధ్య దారమేమీ లేదు. అయినా నోరు పెగల్లేదు.