నలుగుపిండి ముద్ద

తల్లి లేని హైమని పెంచిన అమ్మమ్మ తులసమ్మ పోయి పన్నెండేళ్ళయినా, స్కాన్ సెంటర్ వరండాలో పీట వేసుకుని, కాళ్ళు బారజాపుకుని, హైమ నెలపిల్లని ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోస్తోంది; వరండా చివర హైమ పెరిగిన తెనాలి ఇంటి పెరడు కనిపిస్తోంది, హైమ ఎడమకాలు ఈడ్చుకుంటూ ఎంత నడిచినా పీట మాత్రం దగ్గర పడటం లేదు.

"దాని నడుం మీంచి చెయ్యి తియ్యి!" అని అరుస్తుంది హైమ.

"నలుగు పెట్టొద్దంటావేమే? ఈ వెంట్రుకల కుచ్చు చూడు, అచ్చం నీకున్నట్టే ఉంది. నీకూ రుద్ది రుద్ది నేనే పోగొట్టాను" అని గొప్పలు పోతుంది తులసమ్మ.

హైమకి ఒళ్ళు మండిపోతుంది. "పెద్ద ఘనకార్యమే చేశావులే! ఆ కుచ్చు కింద నా వెన్నుపూస మూసుకోలేదు, లోపల నరాలు అతుక్కుపోయి ఉన్నాయి. బయటికి కనపడే గుర్తు అదొక్కటే. మొలిచినప్పుడల్లా రుద్దేశావు. పదేళ్ళొచ్చినా పక్క తడుపుతున్నానని అట్లకాడ కాల్చి వాత పెట్టావు. ఇరవై రెండేళ్ళకి, కాలు సన్నబడిపోయాక గాని ఏ డాక్టరూ నా నడుం చూడలేదు!"

"ఆడపిల్ల ఒంటి మీద వెంట్రుకలుంటే నలుగురూ నవ్వరూ? నాకేం తెలుసే?"

"తెలియకపోతే అడగాలి. వాతలు పెడతారా?"

తులసమ్మ తల వంచుకుంటుంది, తడిచీరలో చిన్నపిల్లంత అయిపోతుంది. "బాగా మండిందా?" అంటుంది. హైమకి ఏడుపొస్తుంది గాని కోపం తగ్గదు, తగ్గించుకోవాలనీ లేదు. అమ్మమ్మ చెయ్యి ఇంకా రుద్దుతూనే ఉంటే వంగి ఆ చేతిని లాగేస్తుంది, చేతికి వెచ్చటి పిండి తగులుతుంది.

మధ్యాహ్నపు నిద్ర చెదిరి కళ్ళు తెరిచేసరికి, అత్తగారు సుగుణమ్మ స్నానం చేయించిన బిడ్డతో మంచం పక్కన నిలబడి ఉంది. ఆవిడ అరచేతిలో నలుగుపిండి ముద్ద, దానికి అంటుకుని నాలుగు నల్లటి వెంట్రుకలు.

"చూశావా హైమా, చాలావరకు పోయాయి. ఇంక రేపు స్కానెందుకమ్మా?"

హైమ బిడ్డని లాక్కుంది.

"పోయింది పైన వెంట్రుకలు అత్తయ్యా. లోపల వెన్ను ఎలా ఉందో ఎముకలు ముదరకముందే స్కాన్‌లో చూడాలి. రేపు కాదు, ఇప్పుడే వెళ్తున్నాను."

గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, చెయ్యి చాపింది.

"ఆ ముద్ద పారేయకండి, ఇలా ఇవ్వండి. డాక్టరుకి చూపించాలి."