ఆరో వోస్తోక్ కవరు

కవర్ల విషయంలో మా స్నేహితుడు వాసు ఎంగిలి చేత్తో కాకిని తోలడు. ఉత్తరాల కవర్లు కావు. రాకెట్లు కొత్తగా ఎగిరిన రోజుల్లో ఆ సందర్భానికని బొమ్మ వేసి, స్టాంపు అంటించి, పోస్టాఫీసులో తేదీ ముద్ర కొట్టించిన కవర్లు. వాడికీ నాకూ అదే పిచ్చి. నేను స్టీల్ ప్లాంటులో, వాడు పోర్టులో ఓడల్ని లాగే టగ్గు మీద చేసి రిటైరయ్యాం గాని, ఈ పిచ్చికి రిటైర్మెంటు లేదు.

మనిషిని మోసుకెళ్ళిన రష్యావాళ్ళ వోస్తోక్‌లు మొత్తం ఆరు. అయిదింటి కవర్లు నా ఆల్బంలో ఉన్నాయి. ఆరోది, మొదటిసారి ఒక ఆడమనిషి, తెరిష్కోవా, ఎగిరినప్పటిది, వాసు దగ్గరుంది. వాళ్ళ నాన్న అబ్బులు చేపలవేట మానేసి పోర్టులో కలాసీగా చేరిన కొత్తలో ఎవరో రష్యా నావికుడు ఇచ్చాడట. ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నాను. బదులుగా అపోలో కవర్లు రెండిస్తానన్నాను, మూడిస్తానన్నాను. కవర్లు పోగేసే మావాళ్ళలో ఊరికే ఇవ్వడం, పుచ్చుకోవడం లేదు. కవరుకి కవరు, మార్పిడే.

"నీ మూడూ కలిపినా నా ఆడకూతురికి సరిపోవు బావ" అనేవాడు.

అలాంటివాడు మొన్న ఆదివారం పొద్దున్నే సీతమ్మధారలో మా ఇంటికొచ్చి, ఆ కవరు టీపాయ్ మీద పెట్టాడు.

"ఉంచుకో బావ. నీకు ఆరూ అయిపోతాయి."

"బదులేటి కావాలి?"

"ఏటొద్దు. నానెల్తన్నాను."

టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఈ వయసులో ఎగిరి గంతెయ్యడం ఒక్కటే తక్కువ నాకు. వాడు మనసు మార్చుకుంటాడేమోనని గబగబా దాన్ని ఆల్బంలో పెట్టేశాను.

ఆ సంబరం చర్చికి చేరేదాకా కూడా నిలవలేదు. పాస్టరుగారు వాక్యం చెబుతుంటే నా కళ్ళముందు వాసు మొహమే. ఇచ్చేటప్పుడు ఆ కవరు వంక వాడు ఒక్కసారైనా చూడలేదు. పిల్లని అత్తారింటికి పంపేవాడైనా ఒకసారి తిరిగి చూస్తాడు. మధ్యలో లేచి బయటికొచ్చి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఇంటికొచ్చాక కూర్చోలేను, నిలబడలేను, అన్నం ముందు పెడితే తినలేను.

"ఏటి ఆ తిరుగుడు, కాలుగాలిన పిల్లిలాగ" అంది మా ఆవిడ కృపావతి.

అప్పుడే సింహాచలం నుంచి శ్రీరామ్మూర్తిగారు ఫోన్ చేశారు. ఆయనా మా బాపతే.

"సుందర్ రాజ్ గారూ, నిన్న వాసు వచ్చి తన భూతద్దం, పట్టకారు నాకిచ్చేసి వెళ్ళాడండీ. కొత్తవేమైనా కొన్నాడా?"

మేం కవర్లని వేళ్ళతో ముట్టుకోం. చెమట తగిలితే మరక పడుతుంది, అందులోనూ మన విశాఖ చెమట. పట్టకారుతోనే పట్టుకుంటాం. దాన్ని కూడా ఇచ్చేశాడంటే, ఇక ఏ కవరూ పట్టుకోనని తేల్చుకున్నట్టే. వాడి భార్య ఈశ్వరి పోయి నాలుగు నెలలు. వాడు ఏడవలేదు. గుండె నిబ్బరం గలవాడు అనుకుని ఊరుకున్నాం అందరం.

ఆల్బం స్కూటరు డిక్కీలో పడేసుకుని బయల్దేరాను. ఎందుకు తీసుకెళ్తున్నానో నాకే తెలియదు. హనుమంతవాక దగ్గర సిగ్నలు పడింది. సిగ్నల్ని తిట్టాను, ముందున్న కారువాణ్ణి తిట్టాను, ఎండాడ దాటేదాకా నన్ను నేను తిట్టుకున్నాను.

మధురవాడలో వాడి ఫ్లాటు బెల్లు కొట్టి, ఆగలేక తలుపు బాదాను. వాసే తీశాడు. ఇల్లు అద్దంలా తుడిచి ఉంది. ఆల్బంలుండే బీరువా అరలు బోసిగా ఉన్నాయి.

"ఏటి బావ, ఇలాగొచ్చినావు?"

"ఏటి సేద్దామనుకుంతన్నావురా?" అన్నాను సూటిగా.

వాడు కుర్చీలో కూలబడ్డాడు.

"పొద్దున్న లెగిత్తే ఎందుకు లెగిసేనా అనిపిత్తంది బావ. నాకింక ఉండాలని లేదు."

ఓదార్చడం నాకు చేతకాదు. నోటికి వచ్చింది కోపమే.

"నీ దానం నాకక్కర్లేదు. ఊరికే పుచ్చుకున్నానని మనోళ్ళు నవ్వాలా? మార్పిడి సెయ్యి. ఏది కావాలో సూసుకో" అని ఆల్బం వాడి ఒళ్ళో పడేశాను.

"నాకేటొద్దు."

"అయితే ఇక్కడే కూకుంతాను. ఎన్నాళ్ళైనా సరే."

కూర్చున్నాను. వాడు ఆల్బం మూసి పక్కన పెట్టేస్తాడేమోనని వాడి చేతులవంకే చూశాను. ఒక పేజీ తిప్పాడు. కాసేపటికి ఇంకోటి. మూడో వోస్తోక్ దగ్గర ఆగి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ముద్ర అలికేసినట్టుంది బావ. దీనికి నా కవరెలాగిత్తాను?"

నా కవరు అన్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది, కాని ఏడిస్తే బేరం చెడుతుంది.

"అలకడమేటిరా? కళ్ళు కనపడవేటి నీకు?" అని దెబ్బలాటకి దిగాను. వాడూ తగ్గలేదు. మాటకి మాట పెరిగి గొంతులు లేచాయి. పక్క ఫ్లాటువాళ్ళు తొంగిచూశారు.

బేరం తెగలేదు. వాణ్ణి మా ఇంటికి బయల్దేరదీశాను. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తానంటే సరేనన్నాడు. దారిలో స్కూటరు వెనక నుంచి నా భుజం తట్టాడు.

"అయిదోది కూడా కలుపు బావ, అప్పుడు సూద్దాం."

కలిపెయ్యడానికి నాకు అభ్యంతరమేమీ లేదు. అయినా ససేమిరా అన్నాను.