ముప్పయ్యొకటి బాబు

రోజారమణి ఆ పోస్టు పెట్టింది సంతోషం పట్టలేక. దాని వెనక ఇంకే ఆలోచనా లేదు.

ఆమె ఒక కాలేజీలో అసిస్టెంట్ ఫిజికల్ డైరెక్టర్. బొబ్బిలి దగ్గర చెరకు పండించే ఇంటి పిల్ల. పరుగు పందేల్లో తెచ్చుకున్న సర్టిఫికెట్లతోనే విశాఖపట్నం వచ్చి ఉద్యోగం సంపాదించుకుంది. ఆటంటే ఎంత ఇష్టమో, ఆట వెనకుండే అంకెలన్నా ఆమెకు అంతే ఇష్టం. ఫుట్‌బాల్ జట్టు పుట్టి డెబ్బై ఏళ్లవుతోంది, చరిత్ర పుస్తకం వేద్దామని ప్రిన్సిపాల్ అన్నప్పుడు స్టాఫ్ రూములో అందరూ ఫోన్లలోకి తలలు దూర్చేస్తే, చెయ్యెత్తింది ఆమె ఒక్కతే.

రెండు వేసవి సెలవులు పాత మ్యాగజైన్ల మధ్యా పేపరు కటింగుల మధ్యా గడిచిపోయాయి. చెద తిన్నచోట పాత ఆటగాళ్లకు ఫోన్లు చేసి పూడ్చుకుంది. ఏ ఏడు ఎన్ని గెలిచాం, ఎవరి చేతిలో ఓడాం, ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారు, అన్నీ ఒక దారికి తెచ్చింది. దొరికినవి దొరికినట్టు జట్టు పేజీలో పెడుతూ వచ్చింది. ఆ ఏడు నవంబరు వచ్చేసరికి జట్టు ఫార్వర్డ్ నవీన్ ఇరవై రెండు గోల్స్ కొట్టి ఉన్నాడు. అప్పుడు రాసింది ఆ పోస్టు: "ఒక సీజన్లో మన కాలేజీ రికార్డు ముప్పై ఒకటి. కొట్టింది శ్రీరామ్మూర్తి, 1988-89. నవీన్‌కి ఇంకో పది చాలు!"

సాయంత్రానికి దాన్ని వేల మంది చూశారు. జాలరిపేట కుర్రాళ్లయితే నవీన్ ఫొటో కింద మంటల బొమ్మలు పెట్టి హోరెత్తించారు. నవీన్ వాళ్ల పేటవాడే మరి. తండ్రి పేరు గురువులు, సొంత పడవని తనే నడిపే సరంగు; మేనమామ ఇంజను చూసుకుంటాడు. వేటకెళితే వారం పది రోజులు సముద్రంలోనే.

రెండో రోజు ప్రాక్టీసు వేళకి గ్రౌండు గేటు బయట తెల్ల కారొకటి వచ్చి ఆగింది. అందులోంచి యాభై ఏడెనిమిదేళ్ల మనిషి దిగాడు. ఇస్త్రీ చెడని చొక్కా, కాళ్లకి మామూలు రబ్బరు చెప్పులు. కుర్రాళ్లలో సగం మంది ఆట ఆపేసి నిలబడిపోయారు.

"మీరేనా తల్లీ రోజారమణి మేడమంటే? మీ పేజీ సూసేను. మంచి పని సేత్తన్నారు. మమ్మల్నందర్నీ మర్సిపోయేరనుకున్నాను ఈ కాలేజీవోళ్లు."

ఆయనే శ్రీరామ్మూర్తి అని ఆమెకు ఫొటోలను బట్టి అర్థమైంది. చెయ్యి కలపబోయి, నమస్కారం పెట్టింది. ఆయన నవ్వాడు. చాలాసేపు ఆటకేసే చూస్తూ నిలుచున్నాడు. నవీన్ ఎడమ పక్కనుంచి దూసుకొచ్చి కొడితే నెట్టు అదిరింది.

"కాలు మంచిది గుంటడికి," అన్నాడాయన మెల్లగా. "ఏ పడవ ఆళ్ల నాన్నది?"

ఆమె చెప్పింది. చెప్పాక, ఎందుకు చెప్పానా అనిపించింది. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి విజయరత్నం మాస్టారు ఫోన్ చేశారు. ఆమెకు ముందు పాతికేళ్లు అదే గ్రౌండులో పని చేసి రిటైరైన మనిషి. పాత లెక్కల్లో సగం ఆయన చెప్పినవే.

"ఆ పోస్టు పెట్టేముందు నాకొక్క మాట చెప్పుంటే బాగుండేదమ్మా."

"తప్పు రాశానా మాస్టారూ?"

"లెక్క తప్పు లేదు. ఫిషింగ్ హార్బరుకి ఎప్పుడైనా వెళ్లావా? అక్కడ శ్రీరామ్మూర్తి అంటే ఎవరికీ తెలీదు. ముప్పయ్యొకటి బాబు అనాలి. ఆయన పడవల మీద ముప్పయ్యొకటి. ఐసు ఫ్యాక్టరీ గేటు మీద ముప్పయ్యొకటి. వేలంపాటలో ఆయన మనుషులు చెయ్యెత్తితే ఇంకొకరు ఎత్తరు. చదువు డిగ్రీతో ఆగిపోయింది, ఆట మోకాలితో ఆగిపోయింది. మిగిలింది ఆ అంకె."

"రికార్డన్నాక ఎవరో ఒకరు దాటుతారు కదండీ."

"జాక్సన్ అని ఒకడుండేవాడు. నా చేతిలో తయారైన పిల్లాడే. ఇరవై తొమ్మిది కొట్టాడు. ఇంకా నాలుగు మ్యాచ్‌లున్నాయి. ఒకరోజు వచ్చి, మానేస్తున్నాను సార్ అన్నాడు. ఎవరేమన్నార్రా అంటే ఎవరూ ఏమీ అనలేదన్నాడు. వాళ్లమ్మ గంపలో చేప నెల రోజులుగా ఎవరూ ముట్టుకోలేదట. అంతే. ఎవరూ ఏమీ అనలేదు."

ఫోన్ పెట్టేశాక రోజారమణి ఆ పోస్టు తీసేద్దామా అనుకుంది. తీసేసింది కూడా. కానీ అప్పటికే ఊరంతా పంచుకున్నారు. మర్నాటి మ్యాచ్‌లో నవీన్ రెండు గోల్స్ కొడితే, గట్టు మీద కుర్రాళ్లు "ఇంకా ఎనిమిదీ!" అని అరిచారు.

డిసెంబరులో నవీన్ ప్రాక్టీసుకి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. కళ్లు ఎర్రగా ఉండేవి. ఏరా ఒంట్లో బాలేదా అంటే, బానే ఉంది మేడం అనేవాడు. ఓ రోజు బూట్ల తాళ్లు కట్టుకుంటూ, తలెత్తకుండా చెప్పాడు.

"అయ్య పడవకి ఐసు దొరకట్లేదు మేడం. రెండు పున్నమిలు దాటిపోయేయి. ఐసు నేకుండా ఏటకెల్తే సేపలు కుళ్లిపోతాయి గదా. ఒడ్డునే కట్టీసుంది పడవ."

"ఇంకో ఫ్యాక్టరీలో తీసుకోవచ్చుగా?"

"అక్కడికీ ఎల్లేడు. ఇయ్యాల అయిపోయింది, రేపు రా అంటారు. రేపెల్తే మల్లీ రేపంటారు. కోపంగా కూడా అనరు మేడం. నవ్వుతానే అంటారు."

మర్నాడు తెల్లవారకముందే ఆమె స్కూటీ వేసుకుని హార్బరుకి వెళ్లింది. అప్పటికే వేలం కేకలు మొదలయ్యాయి. ఐసు పొడి చేసే మిషను మోత, తడి సిమెంటు మీద బుట్టలు ఈడ్చే చప్పుడు, చేపల వాసన. వరసగా కట్టిన పడవల్లో పక్కపక్కనే పది పన్నెండింటి ముక్కుల మీద తెల్ల రంగుతో 31 అని ఉంది. వాటి అడుగు అరల్లోకి ఐసు గలగలా దిగుతోంది. చివర్న గురువులు పడవ ఖాళీగా ఊగుతోంది. గురువులు అంచు మీద కూర్చుని, చిరగని వలనే మళ్లీ మళ్లీ చూసుకుంటున్నాడు. అతని పక్క నుంచి జనం నడిచిపోతున్నారు గానీ ఒక్కరూ పలకరించడం లేదు.

ఆమె ఐసు ఫ్యాక్టరీలోకి నేరుగా వెళ్లింది. శ్రీరామ్మూర్తి ఆమె కోసం ఎదురుచూస్తున్నట్టే కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. గోడ మీద ఒకే ఒక ఫొటో: కప్పు పట్టుకున్న పదకొండు మంది, మధ్యలో సన్నటి కుర్రాడు. గది చల్లగా ఉంది. ఆమె చేతులు టీ గ్లాసు చుట్టూ బిగించింది.

"గురువులు గారి పడవకి ఐసు ఇవ్వడం లేదట."

"ఎవరన్నారు తల్లీ? అయిపోతే అయిపోయిందంటారు మావోళ్లు. నాను ఎవర్నీ ఏటీ అనలేదు."

"నవీన్ చిన్నపిల్లాడండీ. ఆట తప్ప వాడికేమీ తెలీదు."

"నాకూ అప్పుడేటీ తెలీదు." ఆయన గొంతు పెంచలేదు. "మా అమ్మ ఇక్కడే రొయ్యలు ఒలిసేది. ఐసు సలికి సేతేళ్లు పగిలి రత్తం వొచ్చీది. ఆ యేడు నాను కప్పు తెచ్చేక, ఈ రేవులో మొదటిసారి ఆమెకి కుర్సీ ఏసేరు. ముప్పయ్యొకటి వాళ్లమ్మ అన్నారు. సచ్చిపోయేదాకా అలాగే అన్నారు. మీకు అది అంకె తల్లీ. పుస్తకంలో ఒకటి కొట్టీసి ఇంకోటి రాసుకుంటారు."

ఆమెకు ఆయన మీద జాలి వేసింది, ఆ జాలి వేసినందుకు భయం వేసింది.

"ముప్పయ్యొకటి దాకా రానివ్వండి గుంటడ్ని," అన్నాడాయన, టీ గ్లాసు పక్కన పెడుతూ. "ఇద్దరం సమానంగా ఉంటాం. సమానం మంచిదే గదా?"

ఆ సీజన్ చివరి మ్యాచ్, అంతర కళాశాలల కప్పు ఫైనల్‌కి వచ్చేసరికి నవీన్ లెక్క సరిగ్గా ముప్పై ఒకటి. ముందు రోజు సాయంత్రం గురువులు కొడుకుని వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చాడు. రోజారమణి అతనికి ఐసు ఫ్యాక్టరీలో జరిగిందంతా చెప్పింది. నవీన్‌ని బెంచీ మీద కూర్చోబెట్టమంటే కూర్చోబెడతానంది. అదే మేలేమోనని కూడా అంది.

గురువులు తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "తుపాన్లో నా అన్న పోయేడు, అయినా ఏట మానలేదు మేడం. ఈ మనిసికి బయపడి పిల్లోడి ఆట మానిపించమంటారా? ఆడనివ్వండి."

నవీన్ తండ్రి వైపు చూసి, "ఆడతాను" అన్నాడు. ఆ మాట తండ్రి కోసం అన్నాడో తన కోసం అన్నాడో ఆమెకి తెలియలేదు.

ఫైనల్ రోజు గ్రౌండు చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. హార్బరు జనమే ఎక్కువ. శ్రీరామ్మూర్తి ముందు వరసలో ముఖ్య అతిథి పక్కన కూర్చున్నాడు. ఫస్ట్ హాఫ్‌లో నవీన్‌కి రెండు అవకాశాలొచ్చాయి. రెండూ బారు పైనుంచి పోయాయి. కావాలని కొట్టాడేమోనని రోజారమణికి అనుమానం వచ్చింది, నిజం చెప్పాలంటే కాస్త ఊరట కూడా కలిగింది. ఒకటి ఒకటితో ఆట ముగింపుకి వస్తుండగా అవతలి గోలీ చేతిలోంచి బంతి జారింది. నవీన్ కాళ్ల ముందు పడింది. ఎదురుగా ఖాళీ గోలు. పక్కన జట్టువాడు ఇవ్వమని అరుస్తున్నాడు. నవీన్ కాలు ఆలోచించలేదు. కొట్టేసింది.

గ్రౌండులో గాలి చప్పుడు వినిపించింది. అంత జనంలో ఒక్క కేక లేదు. అందరి తలలూ ముందు వరస వైపు తిరిగాయి.

శ్రీరామ్మూర్తి లేచి నిలబడ్డాడు. మెల్లగా చప్పట్లు కొట్టాడు. అప్పుడు మాత్రమే జనం ఒక్కసారిగా హోరెత్తారు. ఈలలు, డప్పులు, రంగుపొడి. ఆయన రబ్బరు చెప్పులతోనే మైదానంలోకి నడిచొచ్చి నవీన్‌ని కావలించుకున్నాడు. మెడ చుట్టూ వేసిన చెయ్యి తియ్యకుండా మైకు అడిగి తీసుకున్నాడు.

"ఈ రోజునుంచి ఈడు మా వోడు," అన్నాడు. "గురువులు కొడుకే కాదు, నాకూ కొడుకే."

జనం ఇంకా గట్టిగా అరిచారు. ఆ చేతి కింద నవీన్ భుజాలు ముడుచుకుని ఉండటం రోజారమణి చూసింది.

మర్నాడు అందరికంటే ముందు గురువులు పడవకే ఐసు ఎక్కించారు. వారం తిరిగేసరికి పడవల మీద అంకెలు మారిపోయాయి. ఫ్యాక్టరీ గేటు మీద కొత్త రంగుతో 32, పక్కన ఆయనా నవీనూ నవ్వుతున్న ఫ్లెక్సీ. నవీన్‌కి ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగమిచ్చారని తెలిసింది. పరీక్షలకి వచ్చాడు గానీ గ్రౌండుకి రాలేదు.

మార్చిలో రాష్ట్ర జట్టు సెలక్షన్ క్యాంపుకి అతని పేరు వచ్చింది. అనంతపురంలో ఇరవై రోజులు. రోజారమణి ఫోన్ చేస్తే ఎత్తలేదు. తనే వెళ్లింది. అదే చల్లటి గదిలో, శ్రీరామ్మూర్తి కుర్చీకి పక్క కుర్చీలో నవీన్ కూర్చున్నాడు. తెల్ల చొక్కా, చేతికి కొత్త వాచీ. పెద్దాయన ఆ సమయానికి లేడు. అయినా నవీన్ తలుపు వైపే చూస్తూ మాట్లాడాడు.

"నాను రాను మేడం. ఆట మానీసేను."

"ఎవరన్నార్రా మానెయ్యమని?"

"ఎవరూ అనలేదు. బాబు అడిగేరంతే. ఇంకా ఆడితే కాలిరిగిపోద్ది, అప్పుడెవరు సూత్తారు అని." అతను తన కుడి మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మనిసికి ఒక నంబరు సాలంట మేడం."

"మీ నాన్న ఏమన్నాడు?"

"అయ్య ఏటలో ఉన్నాడు. ఇప్పుడు ఎక్కువ ఏటలోనే ఉంటన్నాడు."

బయట వరండాలో చెప్పుల చప్పుడైంది. నవీన్ గభాలున లేచి నిలబడ్డాడు. వచ్చింది టీ కుర్రాడే. అయినా నవీన్ మళ్లీ కూర్చోలేదు. రోజారమణి లేచింది.

గేటు దాటి స్కూటీ దగ్గరికి వస్తుంటే సెలక్షన్ కమిటీ ఆయన ఫోన్ చేశాడు. లిస్టు ఆ సాయంత్రం పంపెయ్యాలట. మీవాడు వస్తున్నాడా అని అడిగాడు.

"రావడం లేదు సార్."

"అయ్యో! దెబ్బ తగిలిందా?"

"లేదు సార్."

"మరి కారణం ఏమని రాసుకోమంటారు? ఏదో ఒకటి రాయాలి కదా మేడం."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. అద్దాల కిటికీ వెనక నవీన్ ఇంకా నిలబడే ఉన్నాడు.

"ఉద్యోగం వచ్చిందని రాయండి," అంది.

"ఓహో! శుభం. ఈ రోజుల్లో అంతకంటే ఏం కావాలండీ," అన్నాడాయన ఎంతో సంబరంగా, ఫోన్ పెట్టేశాడు.