పొడుగు జవాబు

లిఫ్టు మెకానిక్కుల శిక్షణ కేంద్రానికి ఆమె తయారు చేసిన కంప్యూటర్ పాఠం పూర్తి కావడానికి నలభై నిమిషాలు పడుతుంది. చివర పన్నెండు ప్రశ్నలు. ఇరవై రెండు మంది ఆరేసి నిమిషాల్లో ముగించారు. అందరికీ పన్నెండుకి పన్నెండు. సోమవారం నుంచి వాళ్లు నిజమైన లిఫ్టు గోతుల్లోకి దిగాలి.

"నిప్పు లేనిదే పొగ రాదు," అన్నాడు మేనేజర్. "జవాబులు మాస్టారే చెప్పుంటాడు. నువ్వు ఫిర్యాదు రాసివ్వు, ఇవాళే అతన్ని ఉద్యోగంలోంచి పంపించేస్తా."

వర్క్‌షాపులో పని నేర్పే ఆ మాస్టారు ఆమెకి స్వయానా మేనమామ. ఈ పాఠం మొదలైనప్పటినుంచి ఆయన ఆమెతో సరిగ్గా మాట్లాడటం లేదు. పాఠం నవ్వులపాలైతే లాభం ఆయనకే. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని తెలిసీ ఆమె కాగితం రాసింది. సంతకం పెట్టేముందు ఒక్కమాట అడుగుదామని వర్క్‌షాపుకి వెళ్లింది.

అక్కడ గోడకి కరెంటు లేని స్విచ్చి బోర్డు, దాని పక్కన లిఫ్టు తలుపు, మూలన ఒక బల్ల ఉన్నాయి. తప్పు చేసినవాళ్లని మాస్టారు "చచ్చావు" అని ఆ బల్ల మీద కూర్చోబెడతాడు. చచ్చినవాళ్లు ఆ పూట పనిముట్టు తాకకూడదు.

"జవాబులు నువ్వే చెప్పావా, మామయ్యా?"

"నా ఉద్యోగానికి ఎసరు పెట్టే పాఠాన్ని నేనెందుకు తెరుస్తానే?"

ఆమె నమ్మలేదు. కుట్టుపని మానేసి ఈ శిక్షణలో చేరిన టైలరమ్మని పిలిచి అడిగింది.

"ఎవరూ చెప్పలేదు మేడమ్," అంది టైలరమ్మ. "నాలుగింట్లో పొడుగ్గా ఉన్నదే రైటు. మూడో ప్రశ్నకే తెలిసిపోయింది. టీ తాగేటప్పుడు అందరికీ చెప్పా."

ఆమె అక్కడే ఫోన్లో ప్రశ్నలు తెరిచింది. సరైన జవాబు ప్రతిసారీ రెండు వరుసలుంది. తప్పు జవాబులు మూడేసి మాటలు. పన్నెండింట్లోనూ అంతే.

మాస్టారు టైలరమ్మ చేతిలో తాళం పెట్టాడు. "గోతిలోకి దిగాలి. ఏం చేస్తావు?"

టైలరమ్మ లిఫ్టు తలుపుకి తాళం వేయబోయింది. మెయిన్ స్విచ్చి ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకోవాలన్నది పాఠంలో మొదటి మాట.

"చచ్చావమ్మా. వెళ్లి కూర్చో." మాస్టారు మేనకోడలి వైపు తిరిగాడు. "ఆ సంచిలో ఏదో కాగితం ఉంది. వచ్చినప్పటినుంచీ చెయ్యి దానిమీదే ఉంది."

ఆమె తీసిచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివి తిరిగిచ్చాడు.

"తప్పు మనిషి మీద రాశావు. దిద్దుకో."

ఫోన్ మోగింది. మేనేజర్.

"రాస్తున్నానండీ," అంది ఆమె. "ఇరవై రెండు మందీ మళ్లీ నేర్చుకోవాలి. సోమవారం ఎవరినీ పంపకండి. తప్పు నా ప్రశ్నల్లో ఉంది."

రాయడానికి చోటు కోసం చూసింది. బల్ల మీద టైలరమ్మ కాస్త జరిగింది.

"రండి మేడమ్. ఇద్దరం పోయాం."