పదకొండో ఆల్చిప్ప

పదకొండో ఆల్చిప్ప పోతే తప్ప సెలవు లేదన్నాడు సార్.

సీసాల్లో నీళ్ళలోంచి ఆక్సిజన్ తీసేసి, ఆల్చిప్పలు ఎన్నాళ్ళు బతుకుతాయో చూడటం సార్ ల్యాబ్‌లో ఆమె ఉద్యోగం. గాలి అందకపోతే మన కణాల్లో మైటోకాండ్రియా చేతులెత్తేస్తాయి. ఆల్చిప్ప కణాల్లోవి అలా కాదు. ఆక్సిజన్ చేసే పనిని ఫ్యూమరేట్ అనే పదార్థానికి అప్పజెప్పి, వచ్చిన కాస్త శక్తితోనే ఎలాగో నెట్టుకొస్తాయి.

మిగతా పదీ నోళ్ళు తెరిచి పోయాయి. పదకొండోది మూసిన చిప్ప మూసినట్టే ఉంది. తెరిస్తే చస్తుందని ఎవరూ తెరవలేదు.

సార్ మురిసిపోయాడు. ఒక సదస్సులో దాని ఫొటో చూపించి చప్పట్లు కొట్టించుకున్నాడు. ల్యాబ్‌లో ఎవరైనా నీరసంగా ఉందంటే, "గాలే లేకుండా అది పనిచేస్తోంది. మీకు ఏసీ కూడా వేశాం" అనేవాడు.

ఆమెకు కావలసింది వారం రోజుల నిద్ర. ఇంటికెళ్తే అత్తగారు తలుపు తీస్తూనే అడిగేది.

"పోయిందా?"

"లేదత్తయ్యా."

"ఆస్తులున్న ముసలాళ్ళ చావు కోసం కూడా ఇంతలా ఎదురుచూడరమ్మా. గట్టి పిండం!"

ఒక సాయంత్రం నీళ్ళు మారుస్తుంటే ఆ గట్టి పిండం చేయి జారి గచ్చు మీద పడి రెండుగా విడిపోయింది. లోపల నల్లటి బురద తప్ప ఏమీ లేదు. ల్యాబ్‌కి రాకముందే ఎప్పుడో చచ్చి, బురద నిండి, అతుక్కుపోయి ఉంది. ఇన్నాళ్ళూ అందరూ బురద ఆరోగ్యం కనుక్కున్నారు.

రెండు చిప్పలూ తీసుకెళ్ళి సార్ బల్ల మీద పెట్టింది. ఆయన లేచి తలుపు వేసొచ్చాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్. పోయిందిగా, మరి నా సెలవు?"

"సెలవేంటమ్మా! సదస్సులో అంత చెప్పాక ఇప్పుడు బురదంటే నా పరువేం కావాలి? మనం చెప్పనంతవరకూ అది బతికున్నట్టే. బతికున్నదాన్ని వదిలేసి నువ్వెలా వెళ్తావు? జిగురు పెట్టి అతికించెయ్. రోజూ వచ్చి చూసుకో."

వాదించడానికి ఆమెకు ఓపిక లేదు. అతికించి సీసాలో వేసింది. తర్వాత తన తెల్లకోటు కుర్చీకి తొడిగింది. బల్ల మీద పుస్తకం తెరిచి, పక్కన సగం తాగిన టీ కప్పు పెట్టింది. కంప్యూటర్ ఆపకుండా ఇంటికెళ్ళి పడుకుంది.

మర్నాడు సార్ తలుపులోంచి తొంగిచూశాడు.

"ఎలా ఉందమ్మా?"

కోటు ఏమీ అనలేదు.

"ఏకాగ్రతంటే అదీ" అనుకుంటూ, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.