నూనెగానుగ వారి సమాధి

ఆ రోజు ఓడ ఉదయం ఏడున్నరకు రేవుకు తగిలింది. జపాను తీరాన ఉన్న మా ఇసోహమ జనమంతా ఎక్కినా ఇంకా గదులు మిగిలిపోయేంత ఓడ. స్వాగత సంఘం వారి నీలం అంగీ తొడుక్కుని, జెండా పట్టుకుని, రేవు నుంచి వచ్చే బస్సులు ఆగే చోట నేను నిలబడ్డాను. ఆ స్థలం ఇప్పించిన వాణ్ణి నేనే కాబట్టి ఆ కాపలా కూడా నాకే వేశారు.

ఆ స్థలం సంగతి ముందే చెప్పాలి. మూడేళ్ళ కిందటి వరకు అది మా గుడి శ్మశానంలో కింది మెట్టు. ముప్పై ఎనిమిది సమాధులుండేవి. ఏ ఒక్కదానికీ పూలు పెట్టేవాళ్ళు లేరు. ఓడలు రావడం మొదలయ్యాక బస్సులు తిరగడానికి చోటు కావలసివచ్చింది. కొండకూ సముద్రానికీ మధ్య ఊరు చాప పరిచినంత వెడల్పే ఉంటుంది. గుడి పెద్దగా నేనే ప్రతి సమాధికీ తీగతో చెక్క బిళ్ళ కట్టాను. ‘ఈ సమాధి తాలూకు వారు ఏడాదిలోగా గుడికి తెలియజేయవలెను’ అని రాయించాను. ఏడాది చూశాం. ఎవరూ రాలేదు. ఒక్కో గుంట నుంచి ఒక్కో గుప్పెడు ఎముకలు తీసి గుడి వెనక ఉమ్మడి దిబ్బలో పెట్టారు. గుడి గురువుగారు బుద్ధుని నామం చదివారు. రాళ్ళు పగలగొట్టి అక్కడే పరిచారు, పైన తారు పోశారు. ఆ పనికి ఒప్పుకున్న కాగితం మీద ముద్ర నాది.

రెండో బస్సులోంచి ఒక ముసలావిడ దిగింది. డెబ్బై దాటి ఉంటుంది. మెడలో వేలాడే గుడ్డ సంచిని రెండు చేతులతో పట్టుకుని ఉంది. వెనకే జిల్లా టీవీ వాళ్ళు, కెమెరా ఆయన ఒకడు, మైకు పట్టుకున్న అమ్మాయి ఒకతె.

“నాయనా, ఇసోహమంటే ఇదేనా? నేను నూనెగానుగోళ్ళ పిల్లను. ఇసే కూతుర్ని. బ్రెజిలు నుంచొచ్చా.”

నా చేతిలో జెండా కిందికి దిగిపోయింది. ఆ యాస మా నాయనమ్మతోనే పోయిందనుకున్నాను. మా ఊళ్ళో సగం మంది ఇంటిపేరు హమావాకి. ఆ పేరుతో వెతికితే ఎవరూ దొరకరు. తాతలు చేసిన పనిని బట్టి కొలిమివాళ్ళు, ఉప్పుబట్టీవాళ్ళు, నూనెగానుగవాళ్ళు అని పిలుచుకుంటాం. మాది కొలిమి. ఆ పేర్లు నోళ్ళలో తప్ప రాళ్ళ మీద ఉండవు. ఏ రాయి చూసినా ‘హమావాకి వారి వంశ సమాధి’ అనే ఉంటుంది.

ఆవిడ పేరు తెరేజా. తల్లి ఇసే తొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఆ ఇంటివాళ్ళంతా బ్రెజిలు కాఫీ తోటలకు ఓడెక్కారట. అంతకు ముందు వసంతంలోనే ఇసే తమ్ముడు, ఐదేళ్ళవాడు, జ్వరంతో పోయాడు. వాణ్ణి ఇక్కడే వదిలి వెళ్ళారు.

“ఏడవమాక, అక్కొస్తది అని సమాధి దగ్గర చెప్పిందంట నాయనా. తొంభై ఏళ్ళూ అదే మాట. పోయినేడు పోయింది. ఎముకలు కొంచెం తెచ్చా. వాడి పక్కన పెట్టేసి ఐదింటికల్లా ఓడెక్కాలి. మా సమాధెక్కడ?”

నూనెగానుగ వారి రాయి రెండో వరసలో చివరిది. బిళ్ళ కట్టినప్పుడు తీగ నా వేలికి గుచ్చుకుంది, అందుకే గుర్తు. ఆవిడ దిగిన బస్సు వెనక చక్రం ఉన్నది సరిగ్గా అక్కడే.

“కాసేపు కూర్చోండమ్మా” అని చెప్పి దోమోన్ దగ్గరికి వెళ్ళాను. దోమోన్ స్వాగత సంఘం అధ్యక్షుడు, కొండ కింద హోటల్ వాడిదే. ఒకటో తరగతి నుంచి నా పక్క బెంచీ.

“ఉమ్మడి దిబ్బ దగ్గరికి తీసుకెళ్తాను. ఉన్నదున్నట్టు చెబుతాను” అన్నాను.

“చెప్పు. కెమెరా ముందు చెప్పు. అమ్మా, మీరు దిగిన బస్సు మీ వాళ్ళ మీదే ఆగిందని చెప్పు.” దోమోన్ గొంతు పెంచలేదు. “వచ్చే ఏడు పదకొండు ఓడలు రానున్నాయి. ఇది టీవీలో వచ్చిందంటే ఒకటి కూడా రాదు.”

“అబద్ధం ఆడలేను రా.”

“ఆడొద్దు. చూపించు. రాయి మీద హమావాకి అని ఉంటుంది. ఆవిడ పేరు చివర కూడా అదే ఉంది. ఇందులో అబద్ధమెక్కడుంది?”

“ఎవరిది చూపిస్తాం? ఎవరు ఒప్పుకుంటారు?”

“ఇంకొకళ్ళని అడగడమెందుకు? నీది లేదా? గుడి పెద్దవి, ఆ మాత్రం చేయలేవా?”

మా సమాధిలో అమ్మా నాన్నా ఉన్నారు. ఇద్దరూ మెత్తని మనుషులు, ఒక ముసలిదానికి చోటిస్తే కోప్పడరు అనుకున్నాను. నేను వాళ్ళిద్దరినే తలుచుకున్నాను. షుహేని తలుచుకోలేదు. వాడు పోయిన ఇరవై ఎనిమిదేళ్ళలో నా కొడుకును మరిచిపోయింది ఆ ఒక్క పూటే. అది ఎలా జరిగిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

గురువుగారు పక్క ఊరికి కర్మకు వెళ్ళి ఉన్నారు. మెట్ల మీద తెరేజా మూడు చోట్ల ఆగి ఊపిరి తీసుకుంది. ప్రతిసారీ సంచితో, “వచ్చేశామే అమ్మా, ఇంకొన్ని మెట్లే” అని చెప్పింది. మైకు అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

పైమెట్టులో మా రాయి ముందు నిలబడ్డాం. గొట్టాల్లో తాజా చామంతులు, కింద పాల మిఠాయి డబ్బా. నా భార్య ఫుసాయే పొద్దున్నే పెట్టి వెళ్ళినవి. అప్పుడు గుర్తొచ్చింది నాకు. నోరు తెరిచాను. దోమోన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఈ పూలెవరు పెట్టారు నాయనా?”

“ఊరివాళ్ళమే చూసుకుంటామమ్మా” అన్నాడు దోమోన్.

ఆవిడ నేల మీద మోకరిల్లి నా బూట్ల దగ్గర నుదురు ఆనించింది. “తొంభై ఏళ్ళు. అంతకాలం మా వాణ్ణి చూసుకున్నారు.” నేను ఆవిడను లేవనెత్తాను. ఎంత తేలికగా ఉందో.

లేచి రాయి పక్కవైపు చెక్కిన పేర్ల మీద వేలు నడిపింది. మా లిపి చదవడం రాదు, అంకెలు మాత్రం వచ్చునట. వేలు చివరి వరస దగ్గర, షుహే పేరు కింద ఆగింది.

“ఇదిగో, ఐదు. ఐదేళ్ళు. మా చిన్నమామ వీడేనా?”

కెమెరా నా వైపు తిరిగింది.

“అవునమ్మా” అన్నాను.

ఆవిడ ఆ అంకెకు చెంప ఆనించి నిలబడింది. “అక్కొచ్చిందిరా. ఆలస్యమైంది, కోపం తెచ్చుకోమాక” అంది. షుహే రేవు మెట్ల మీంచి జారి నీళ్ళలో పడిపోయినప్పుడు నేను మా కొట్లో ఎవరికో చేపల గాలాలు పొట్లం కడుతున్నాను. నేను కూడా ఆలస్యంగానే వెళ్ళాను. ఆ మాట వాడితో ఎప్పుడూ చెప్పుకోలేకపోయాను. నా రాయి దగ్గర నిలబడి పరాయి మనిషి చెప్పింది.

నేనూ దోమోనూ సమాధి ముందున్న రాతిపలక జరిపాం. లోపల మట్టి నేల. మా గుడి ఆచారంలో ఎముకల్ని కుండతో పెట్టం, విడిగా పోస్తాం, అంతా ఒకే మట్టి కావాలని. తెరేజా సంచి ముడి విప్పి వంచింది. తెలుపు మీద తెలుపు పడింది. చివర్లో సంచి రెండుసార్లు దులిపింది.

అప్పుడు వెనక బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది. ఫుసాయే. రేవు దగ్గర చేపల పులుసు వడ్డించే పనిలో ఉండాల్సింది. కొలిమివాళ్ళ సమాధి దగ్గర టీవీ వాళ్ళున్నారని ఎవరో చెప్పి ఉంటారు. ఏప్రన్‌తోనే వచ్చేసింది.

“ఈ తల్లెవరు?” అంది తెరేజా.

“రోజూ పూలు పెట్టేది ఈవిడే” అన్నాడు దోమోన్.

తెరేజా వెళ్ళి ఆమెను కౌగిలించుకుంది. “మా చిన్నోడికి తల్లిలేని లోటు తీర్చావే అమ్మా. వాడికి నువ్వే అమ్మవి.”

ఫుసాయే ఆ భుజం మీంచి గుంటలోకి చూసింది. తర్వాత రాయి వైపు, తర్వాత నా వైపు. మైకు అమ్మాయి ముందుకొచ్చి, రోజూ రావడం కష్టంగా లేదా అని అడిగింది.

“అలవాటైపోయిందండి” అంది ఫుసాయే.

ఐదింటికి ఓడ కదిలింది. మా ఆచారం ప్రకారం ఓడ పైనుంచి రంగు కాగితం చుట్టలు విసిరారు. తెరేజా విసిరిన పసుపు చుట్ట కొస నా చేతికందింది. ఆవిడ రెయిలింగు మీద వంగి, “నూనెగానుగోళ్ళం మళ్ళీ వస్తాం నాయనా. నా ఎముకలకీ అక్కడే చోటుంచు” అని అరిచింది. ఓడ దూరమవుతుంటే కాగితం బిగిసి, నా వేళ్ళ దగ్గరే తెగింది. దోమోన్ ముక్కు చీదాడు. “నిజంగానే ఏడుపొచ్చింది రా. బాగా చేశావు.”

ఇంట్లో ఫుసాయే లేదు. వంటింట్లో బియ్యం జల్లెడ లేదు, కొట్లో గునపం లేదు. కొండ ఎక్కేసరికి ఇంకా వెలుగుంది. ఒక్కతే పలక జరిపింది. గుంట ముందు మోకాళ్ళ మీద కూర్చుని జల్లెడలో మట్టి ఆడిస్తోంది. పక్కన పరిచిన ఏప్రన్ మీద తెల్లటి ముక్కలు.

రోజూ పొద్దున పూజామందిరం ముందు కూర్చుని అమిదా బుద్ధుని నామం చెప్పుకునేవాణ్ణి నేను. ఎంతటి పాపినీ ఆయన విడిచిపెట్టడని గురువుగారు చెబుతారు. నమ్ముతాను. విడిచిపెట్టకుండా ఉండడం ఆయన పని. పక్కనున్న మనిషి పని కూడా అదేనా అన్నది నేను ఎన్నడూ అడగలేదు.

“ఇది మనవాడిది. పల్చగా ఉంది” అంది తల ఎత్తకుండా. ఇంకొకటి తీసింది. “ఇది?”

“తెలియదు.”

“ఇది? చూడండి, ఇది? వాడి చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళింది మీరే కదా.”

“తెలియదు ఫుసాయే.”

“తెలియకపోతే బిళ్ళ కట్టండి. ఏడాది చూడండి. తాలూకు వారెవరైనా వస్తారేమో.”

తర్వాత ఏప్రన్ నాలుగు కొసలూ పట్టుకుని అన్నిటినీ తిరిగి గుంటలో పోసింది. రెండుసార్లు దులిపింది. పాల మిఠాయి డబ్బా తీసి జేబులో వేసుకుంది.

పెళ్ళయిన కొత్తలో నన్నెలా పిలిచేదో గుర్తులేదు. కొడుకు పుట్టాక షుహే నాన్నా అని పిలిచేది. వాడు పోయిన తర్వాత కూడా, ఈ పొద్దున పులుసు గరిటె కోసం వెతుక్కుంటూ కూడా అలాగే పిలిచింది.

“పలక మూసేయండి, కొలిమి గారూ” అని చెప్పి మెట్లు దిగింది.

నేను మూశాను.